తూకం

తమ్ముడి పడవలో కాలు పెడితే
మడమ లోపలికి దిగింది,
పాలలో నానిన రొట్టెలోకి వేలు దిగినట్టు.

సుత్తి పిడితో తట్టుకుంటూ పోయాను.
గట్టి చోట ఖంగుమంటుంది.
పుచ్చిన చోట ఏమీ అనదు,
అలిగినవాడిలా ఊరుకుంటుంది.
మారుపలికే చోటు కోసం వెతుకుతూ
ఇంజిను గోడ నుంచి ముక్కు దాకా పాకాను.
జానెడు కోస్తే చాలని రంపం పట్టినవాణ్ని,
పొద్దు వాలేసరికి నేలంతా లేపేశాను.

మీద ఫైబర్‌గ్లాస్ ఇంకా మెరుస్తూనే ఉంది.
పైన పటారం, లోన లొటారం.
కింద ప్లైవుడ్ తడి పొగాకులా
పొరలు పొరలుగా చేతికొచ్చింది.
వాసన: బయూ బురద, క్యాట్‌ఫిష్ నెత్తురు, పెట్రోలు,
మూతపెట్టి మరిచిపోయిన కాఫీ.

లూసియానాలో ఆగస్టంటే
గాలిని కూడా పిండి ఆరేయాలి.
చేతులకు పసిపిల్లల పౌడరు పూసుకున్నా
గాజునూగు చొక్కాలో దూరి రాత్రంతా దురద.
మా ఆవిడ నన్ను వసారాలో పడుకోమంది.

నేల కింద, పడవ మునక్కుండా
కంపెనీవాళ్లు నింపిన పసుప్పచ్చని నురుగు.
ఎండి ఉంటే దూదితో సమానం.
ఇది పారతో పొడిస్తే నీళ్లు కక్కింది.
ముక్కలు కోసి, స్నానాల గదిలోని తూకపు మిషన్ తెచ్చి
ఒక్కొక్కటే పెట్టాను,
అట్టముక్క మీద పెన్సిలుతో రాసుకుంటూ.
ముప్పై ఒకటి. నలభై. ఇరవయ్యారు.
అన్నీ కలిపి మూడువందల పన్నెండు పౌన్లు.
మళ్లీ కూడాను.
అంటే ఇద్దరు మనుషులు
టికెట్టు లేకుండా
ఏళ్ల తరబడి ఆ నేల కింద పడుకుని ఉన్నారు.

పదకొండేళ్ల కిందట ఒవీడ్‌కి నా ఇంజిను అమ్మాను.
తొమ్మిదివందల డాలర్లు,
వంటగది బల్ల మీద లెక్కపెట్టి ఇచ్చాడు.
రెండో వేసవికల్లా పడవ ముక్కెత్తడం మానేసింది.
"చచ్చిన గుర్రాన్ని అంటగట్టావు అల్సీడ్" అన్నాడు,
చర్చి మెట్ల మీద, అందరూ వింటుండగా.
ప్లగ్గులు మార్చాడు. ప్రొపెల్లరు మార్చాడు.
చివరికి దారే మార్చాడు,
నా ఇంటి ముందు నుంచి పోకుండా
ఆరు మైళ్లు చుట్టు తిరిగి రేవుకు వెళ్లేవాడు,
వెనక ఈ నీళ్లనే లాక్కుంటూ.

మార్చిలో పోయాడు.
"ఇంజిను మంచిదేరా."
గుల్ల పడవలో నిలబడి పైకే అన్నాను.
హాయిగా ఉంది, సిగ్గు లేకుండా చెప్తున్నా,
కేసు గెలిచినట్టు.

అప్పుడు కనబడ్డాయి రంధ్రాలు.
ముందు సీటు ఉన్నచోట, నాలుగు.
చుట్టూ చెక్క బొగ్గులా నల్లబడి,
పుచ్చు బయల్దేరింది అక్కణ్నుంచే.
ఆ సీటు బిగించింది నేను.
ఇంజినుతో పాటు ఊరికే ఇచ్చాను,
అన్నను కదా.
సిలికాన్ ట్యూబు ట్రక్కులోనే ఉంది.
మబ్బు పట్టింది, బీరు చల్లగా ఉంది,
ట్రక్కు ఇరవై అడుగుల దూరంలో ఉంది.
స్క్రూలు ఉత్తినే తిప్పేశాను.

కొత్త ప్లైవుడ్ పరిచాను,
రెండు వైపులా రెజిన్ తాగించి, అంచులకు మూడు పూతలు.
ఇవాళ సీటు పని.
వెడల్పుగా తొలవాలి, రెజిన్‌తో పూడ్చాలి,
గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ సన్నగా తొలవాలి.
పద్ధతి ఇదే. అప్పుడూ తెలుసు నాకు.

గిన్నె పట్టుకుని ఎదురుగా నొయెలీ,
వాడి కూతురు. పడవ ఇప్పుడు ఆమెది.
గట్టిపడే మందు చుక్కలు లెక్కపెట్టి వేసి
ఐస్‌క్రీం పుల్లతో కలుపుతున్నాను.
"నాన్న ఎప్పుడూ ఆ ఇంజినునే..." అని ఆగింది.
"అసలు తప్పెక్కడుంది పెదనాన్నా?"

ఈ ఎండకి రెజిన్ పన్నెండు నిమిషాలు ఆగుతుంది, అంతే.
అప్పుడే గిన్నె అడుగు వేడెక్కినట్టుంది,
నొయెలీ చెయ్యి మార్చుకుంది.
మోకాళ్ల మీద వంగి
మొదటి రంధ్రం నింపుతూ
"ఇక్కడ" అన్నాను.