సోమవారం ఎనిమిదిన్నర

మా యజమాని డెట్లెఫ్‌కి శనివారం మధ్యాహ్నం మూడున్నరంటే
గడియారంతో పనిలేదు.
పొయ్యి ఆర్పి, మోచేతుల దాకా పిండి కడుక్కుని
ఆకుపచ్చ మఫ్లర్ చుట్టుకుని ట్రామెక్కేవాడు.
ఇరవై రెండేళ్లు స్టేడియంలో అదే మెట్టు మీద నిలబడ్డాడు.
పక్కన రోస్విథా, ఆమె ఫ్లాస్కులో చక్కెర లేని టీ.
గోల్ పడ్డప్పుడు ఆ టీ ఎవరి మీద ఒలికిందో
ఎవరూ పట్టించుకునేవారు కాదు.

తర్వాత ఆటని కోశారు,
రొట్టెని నలుగురికి పంచినట్టు.
శుక్రవారానికో ముక్క, ఆదివారం పొద్దుటికో ముక్క,
మిగిలిన గట్టి అంచు
సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకి.
కత్తి ఎవరి చేతిలో ఉందో మాకు కనపడలేదు.
మూడు వారాల ముందు ఒక కాగితం వచ్చేది, అంతే.

రొట్టెలు కాల్చేవాడికి రాత్రి రెండింటికే తెల్లారుతుంది.
"ఇంట్లో టీవీ ఉందిగా" అన్నాను.
"ఉంది, నిల్గున్. అందులో నేను లేను."
అయినా పెట్టుకున్నాడట.
ఇరవై మూడో నిమిషానికల్లా
సోఫా మీద నోరు తెరిచి గురక.
చూసేవాళ్ల తలలు లెక్కపెట్టేవారి పద్దులో
ఆ గురకా ఒక ప్రేక్షకుడే.

ఫిబ్రవరిలో మావాళ్లు దక్షిణాన ఆడారు.
బస్సులో ఏడు గంటల దారి. అదీ సోమవారమే.
ఎప్పుడూ మూడు బస్సులు కదిలేవి,
ఆ రోజు ఒక్కటి, అందులోనూ సగం ఖాళీ.
నైటు డ్యూటీ నర్సు రాలేదు. క్రేన్ నడిపే ఊవె రాలేదు.
మర్నాడు బడి ఉందని పిల్లలెవరూ రాలేదు.
రోస్విథా వెళ్లింది.
పింఛను మొదలయ్యాక సోమవారాలన్నీ తనవేనంటుంది.

రెండింటికి డెట్లెఫ్ వస్తూనే రేడియో ప్లగ్గు పీకేశాడు.
నా ఫోను తీసి పంచదార డబ్బాలో పెట్టాడు.
"ఎవరైనా స్కోరు చెబితే ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు.
ఉన్న ఉద్యోగిని నేనొక్కదాన్నే.

ఐదున్నరకి వెనక తలుపు చప్పుడు.
తడి కోట్లు, ఎర్ర కళ్లు, ఇరవై మంది దాకా.
రోస్విథా ట్రే లాక్కుని బల్ల మీద బోర్లించింది.
"గసగసాలది మన గోల్‌కీపర్.
నువ్వులవి డిఫెన్సు.
ఈ మాడిపోయినవన్నీ వాళ్లవి.
ఉప్పు చల్లిన ప్రెట్జెల్ రిఫరీ, నాలుక మీద పెట్టలేం."

ఎండు ద్రాక్ష ఒకటి బంతి అయింది.
పిండి మీద గీతలు మైదానం అయ్యాయి.
మోచేతుల దాకా ముద్దలో ఉన్న మనిషి
పిసకడం మరిచి నిలబడ్డాడు.
ఎప్పుడో ఏడు గంటల కిందట ముగిసిపోయిన ఆట
అతని కళ్ల ముందు ఇంకా సున్నా సున్నా.
పొయ్యి గంట మోగింది. ఎవరూ కదల్లేదు.
ఎనభై ఎనిమిదో నిమిషంలో మా లెఫ్ట్ బ్యాక్,
మొన్నటిదాకా బెంచీ మీద కూర్చున్న నువ్వుల రొట్టె,
ఒక మాడుని దాటి, ఇంకో మాడుని దాటి...

ఫ్లాస్కు పడింది. పిండంతా టీ.
వెనక మూడు ట్రేలు నిజంగానే మాడాయి.

ఆరింటికి షాపు తెరిచాం.
మొదట వచ్చినావిడ కుక్కని బయట కట్టేసి
నువ్వుల రొట్టె ఒకటి చాలంది.
మా లెఫ్ట్ బ్యాక్‌ని కాగితం సంచిలో వేసి
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.