ఖాళీకి సాక్షి

ఓట్ల రోజున మొదట వచ్చిన మనిషి
ఓటు వేసే ముందు పెట్టెలోకి తొంగి చూడాలి.
"ఏమీ లేదు" అని నోరు తెరిచి చెప్పాలి.
అప్పుడుగానీ తాళం పడదు.
మా నీగాతా కొండల్లోనూ అదే నిబంధన.

నేను సాక్షిని. పన్నెండు వేల యెన్‌లకి,
మధ్యాహ్నం ఒక భోజనం డబ్బాకి,
రోజంతా కుర్చీలో కూర్చోవడమే పని.
మూడేళ్ళ కింద మూసేసిన బడి, అందులో ఆటల గది.
వల ఊడిన ఇనుప రింగు ఇంకా గోడకే ఉంది,
నేను బంతి విసిరి విసిరి తప్పిన రింగు.
బూట్లతోనే రావచ్చని నీలం పట్టా పరిచారు.
బయట ఏప్రిల్ మంచు కరిగి
చూరు కింద టపటపమంటోంది.

ఎప్పుడూ ఇసోబె గారే మొదట వచ్చేవారట.
గ్యాస్ బండలు మోసి వంగిన భుజం,
ఆరింటికే తలుపు దగ్గర, చేతిలో థర్మాస్.
ఎవరికి వేస్తారో తెలీదు గానీ
"ఖాళీ చూడ్డానికే వస్తాను" అనేవారట,
"లోపల ఏముందో ఇంకెప్పుడు చూపిస్తారు నాకు?"
ఫిబ్రవరిలో కప్పు మీద మంచు దించుతూ జారిపడ్డారు.
జాబితాలో ఆయన పేరు మీద ఇప్పుడొక ఎర్ర గీత.

ఏడైంది. ఎవరూ రాలేదు.
ఏడుంపావు.
మునిసిపాలిటీ షిరాయ్ గారు టై సర్దుకున్నారు,
మళ్ళీ సర్దుకున్నారు.
మూత తెరిచిన పెట్టె చుట్టూ ఐదుగురం,
పురిటి గది బయట చుట్టాల్లా.
ముద్ర ఉంది, చట్టం ఉంది,
చెక్కిన పెన్సిళ్ళున్నాయి.
ఒక్క మనిషి తక్కువ.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆగిపోయింది.
మూడు ఎన్నికలుగా ఆ తక్కువైన మనిషిని నేనే.
కార్డు వచ్చేది. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టేదాన్ని.
పిజ్జా కొట్టు కాగితం వస్తే దాని కిందికి జరిగేది.
"ఒక్క ఓటుతో ఏమవుతుంది" అనేదాన్ని,
ఆ మాట నేనే కనిపెట్టినట్టు.

ఏడు నలభైకి స్కూటర్ ఆగింది.
పేపర్లు వేసే అమ్మాయి, హెల్మెట్ కింద తడి జుట్టు.
"బాత్రూమ్ వాడుకోవచ్చా?"
షిరాయ్ గారు వంగి మరీ దారి చూపించారు.
చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ తిరిగొస్తే
ఐదుగురం తననే చూస్తున్నాం.
పద్ధెనిమిది నిండి పదకొండు రోజులట.
కార్డు బండి సీటు కిందే ఉందట, నానిపోయి.

పెట్టెలోకి వంగింది. చాలాసేపు చూసింది.
"ఖాళీ కాదండీ."

షిరాయ్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.
మూలలో ఒక కంపు పురుగు,
చలికాలమంతా అక్కడే నిద్రపోయిందేమో,
కాళ్ళు ముడుచుకుని, హాయిగా.
నలిగిందా, సాయంత్రం దాకా ప్రజాస్వామ్యం కంపే.
ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి,
టేపు ముక్కతో దాన్ని ఎత్తి
కిటికీ అవతల వదిలారు.
"ఇంకొక్కసారి చూడండి."
చూసింది. "ఇప్పుడు ఖాళీ."
తాళం పడింది.

ఇక్కడ పేరు చేత్తో రాయాలి.
ఆ కాగితం మడతకి లొంగదు.
మడిచి వేస్తాం, లోపలికెళ్ళాక తనంతట తనే విచ్చుకుంటుంది.
పోటీలో ఇద్దరు హోషినోలు. ఇంటిపేరొక్కటే రాస్తే
ఆ ఓటుని ఇద్దరికీ వాళ్ళ బలాన్ని బట్టి పంచుతారు,
సున్నా పాయింట్ ఆరు ఒకటి రెండు ఒకరికి,
మిగిలింది ఇంకొకరికి.
లెక్కలేదులే అని నేను వదిలేసినదానికి
మూడు దశాంశాల దాకా లెక్క ఉంది.

మధ్యాహ్నం గంటన్నర ఒక్కరూ లేరు.
ఒకాయన ఏమీ రాయకుండా వేసి
నా వైపు చూసి తల పంకించాడు.
అదీ విచ్చుకుంది.

ఆరింటికి పది నిమిషాలుండగా లేచాను.
పెన్సిల్ ముక్కు విరిగింది, ఇంకోటి తీసుకున్నాను.
ఏ పేరో చెప్పను.
మూడు వందల పన్నెండుకి నూట నాలుగు.

పెట్టె వెంట సాక్షి కూడా వెళ్ళాలి.
వెనక సీట్లో నా పక్కనే పెట్టారు,
బెల్టు కూడా కట్టారు.
కొండ మలుపు తిరిగినప్పుడల్లా
లోపల కాగితాలు కదిలేవి.
షిరాయ్ గారు హీటర్ ఆపేశారు.
చలేసింది. ఎందుకని అడగలేదు.