సముద్రం, రెండు వందల గ్రాములు

బీచ్ రోడ్డు హోటలు వాళ్ళు నలభై అడిగారు.
సముద్రం వాసన రావాలట, గదికొకటి.
కిటికీ తీస్తే వచ్చేదే కదండీ అన్నాను.
ఏసీ గదులమ్మా,
మా కిటికీలు తెరుచుకోవు అన్నాడు మేనేజరు.

పూర్ణా మార్కెట్లో గాజు గ్లాసులు నలభై నాలుగు కొని
పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే
జగదాంబ మలుపు రెండు తినేసింది.

సోయా మైనం నెయ్యిలాగే కరుగుతుంది,
తొందరపెడితే నెయ్యిలాగే అలుగుతుంది.
డెబ్బై డిగ్రీల దగ్గర సెంటు పోయాలి,
కిలోకి ఎనభై గ్రాములు.
చెంచాడు ఎక్కువైతే పైకి చెమటలా కక్కుతుంది,
తక్కువైతే కాలిన వత్తి ఒక్కటే తెలుస్తుంది.
ఇవన్నీ రాసుకున్నాను
పాల లెక్క వెనక పేజీల్లో,
థర్మామీటరు మాత్రం లిఖిత జ్వరానిది కాదు,
వేరే కొన్నాను, అదీ అప్పే.

సీసా మీద సముద్రగాలి అని ఉంది.
ముంబయి నుంచి కొరియర్లో వచ్చింది ఆ గాలి.
మూత తీశాను.
సబ్బు. కాస్త దోసకాయ.
ఇంకేదో నీలం రంగు.

మా అత్త నూకాలమ్మ పెదజాలరిపేటలో పుట్టింది.
చినవాల్తేరు మేడల మెట్లన్నీ
నెత్తి మీద గంపతో ఎక్కి దిగింది, మోకాళ్ళు వద్దనేదాకా.
మొదటి గ్లాసు గట్టిపడ్డాక
ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను.
చాలాసేపు పీల్చింది.
"ఇది సంద్రం కాదే గుంటా.
సంద్రం నుంచొచ్చి తానం చేసినోళ్ళ వాసన."

మరి సంద్రం ఏటత్తా?

చెప్పింది. తడి మోకు.
డీజిలు పడ్డ నీళ్ళు. ఇసకలో సగం ఎండిన నెత్తళ్ళు.
వలకంటుకున్న నాచు, మధ్యాన్నం అయ్యాక.
"పడవ తిరిగిరాని రోజు ఇంకో వాసనుంటాది.
అది నీకు సెప్పను."

ఆ వారమే పోలిరాజును అడిగి
హార్బరు నుంచి మోకు ముక్క తెప్పించాను.
నాచు, గుప్పెడు రాళ్ళుప్పు,
చిన్న స్టీలు గిన్నెలో మైనంతో కలిపి కాచాను.
ఉప్పు కరగలేదు, అడుగుకు దిగి కూర్చుంది.
వత్తి చిటపటమని రెండుసార్లు ఆరిపోయింది.
ఇంట్లో ఏం చచ్చిందని పక్కవాటా పద్మావతిగారు
ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని వచ్చి మరీ అడిగారు.
పారేద్దామంటే అత్త ఒప్పుకోలేదు.
గిన్నె మంచం కిందకు తోసుకుంది.

సబ్బు సముద్రాన్నే పోశాను, నలభై.
ఐస్‌క్రీం పుల్లల మధ్య వత్తులు నిటారుగా,
పరీక్షకు కూర్చున్న పిల్లల్లా.
జూను ఉక్కలో మైనానికి కూడా ఊపిరాడదు.
తెల్లారి చూస్తే పదకొండింటికి నడుమ గుంట.
హెయిర్ డ్రయ్యరుతో ఒక్కోటీ బుజ్జగించి
నున్నగా చేస్తుంటే కరెంటు పోయింది, ఏడింటి దగ్గర.
మిగతా నాలుగూ అలాగే కూర్చున్నాయి,
కొవ్వొత్తుల ఇంట్లో చీకట్లో.

లేబులు మీద ఏం రాయాలమ్మా అంది లిఖిత.
రెండంగుళాల కాగితం. అత్త మాట పట్టదు.
సముద్రం, అని రాయమన్నాను.
కింద, 200 గ్రా.

మేనేజరు వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు.
అచ్చం సముద్రమేనండీ!
ఒక్కోటి నూట ఎనభై.
కాదని ఎందుకంటాను?

ఇంటికొచ్చేసరికి మళ్ళీ కరెంటు లేదు.
అత్త మంచం కింది గిన్నె బయటకు తీసి
అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీసి
ఎలాగో వెలిగించింది.
చిటపటమంటూ కాసేపు నిలబడింది మంట.
నేను ముక్కు మూసుకున్నాను.
తర్వాత చెయ్యి తీసేశాను.

ఆవిడ గిన్నె మీదకు వంగి
పులుసు దించే ముందు చూసినట్టు చూసి,
"ఉప్పెక్కువైంది," అంది.