మీటరు చదరం

ఇనుప చట్రం. మీటరు పొడవు, మీటరు వెడల్పు.
నేలకు ఆనించగానే
బండ మీది తొండ ఉలిక్కిపడి తప్పుకుంది.
మోకాళ్ల మీద కూర్చున్నాను.
చట్రంలో ఉన్నవన్నీ లెక్క పెట్టాలి.
మూడేళ్లుగా ఇదే నా ఉద్యోగం,
తెల్లాపూర్ అవతల, ఎవరి పేరున ఉందో
కోర్టు ఇంకా తేల్చని ముప్పై ఎకరాల రాళ్లల్లో.

నడుమ ఒక కంచె.
లోపల, గొర్రె నోరు పడని నేల.
బయట, సాయిలు మంద.

మొదటి వానలకి గెలుపు నాదే అనుకున్నాను.
లోపల గడ్డి మోకాలెత్తు; గాలి వస్తే
కుక్కపిల్ల వీపులా నిమిరించుకునేది.
బయట క్షౌరం చేసిన తల.
ఫోటో తీసి ఆఫీసుకి పంపాను.
వదిలేస్తే నేల ఎలా బతుకుతుందో చూడండని
రాయకుండానే రాశాను.

సాయిలు కంచె తీగ పట్టుకుని చూసి
"మస్తుగున్నది మేడం గడ్డి.
గని తినేటోడు లేని బువ్వ, పాసిపోతది" అన్నాడు.
నవ్వి, నోటుపుస్తకంలో తేదీ వేశాను.

రెండో ఏడు. మూడో ఏడు.
పాత గడ్డి ఎండి పడిపోయింది,
దాని మీద మరో ఏటి గడ్డి ఎండి పడింది.
చట్రం పెడితే బొంత మీద పెట్టినట్టుంది.
బొంత ఎత్తి చూశాను: తెల్లబడ్డ వేళ్లు, చెదలు,
వెలుతురు మరిచిన మన్ను.
మొదటిసారి ఇక్కడే రాసుకున్న విష్ణుక్రాంత లేదు.
నేలఉసిరి లేదు.
ఆవగింజంత పచ్చపువ్వు పూసే,
నాకు పేరు తెలియనిదొకటి ఉండేది, అదీ లేదు.
మొత్తం రకాలు తొమ్మిది.

బయటకొచ్చి పెట్టాను.
అరచెయ్యి ఎత్తు దాటింది ఒక్కటీ లేదు,
అన్నీ కొరికినవే,
కొరికిన చోటే మళ్లీ చిగిర్చినవే.
పదిహేడు.
మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడు.
డెక్క గుంటలో నీళ్లు నిలిచి ఇంకిన చోట
విష్ణుక్రాంత, నీలంగా, ఏమీ జరగనట్టు.

అయితే గొర్రెలే మంచివని రాయనా?
రాయలేను.
ఇంకో రెండొందల అడుగులు వేస్తే బోరు తొట్టి.
పగలంతా మంద అక్కడే.
అక్కడి చట్రంలో నాలుగే:
వెంపలి, తంగేడు, పల్లేరు, వయ్యారిభామ.
గొర్రె మూతి తిప్పుకున్న నాలుగు.
ఒకటి చేదు, ఒకటి వగరు, ఒకటి ముల్లు,
ఒకటి ముట్టుకుంటే దద్దుర్లు.
మిగతాదంతా బోడి నేల,
వాన పడితే తాగకుండా జారవిడిచే నేల.

తంగేడు మాత్రం విరగబూసింది.
ఎల్లుండి సద్దుల బతుకమ్మ.
కొత్త టవర్ల నుంచి కూడా ఆడవాళ్లు సంచులతో వచ్చారు.
గొర్రె వద్దన్న చెట్టుకి ఇంత బంగారం.
పల్లేరు కాయ గుచ్చుకుని ఒకావిడ
ఒంటికాలి మీద నిలబడి
పువ్వులు మాత్రం వదల్లేదు.

ఎప్పుడూ ఇక్కడేనా అని సాయిలుని అడిగాను.
బీడీ ఆర్పి, గాలిలో వేలితో దారి గీశాడు.
"మా నాయిన ఆనకాలం ఈడ మేపేటోడు.
దసర ఎల్లంగనే శంకర్‌పల్లి, ఆడికెళ్లి మోమిన్‌పేట,
కోసిన చేన్లల్ల మంద కట్టేటోడు.
మల్ల ఈడికొచ్చేటాల్లకు
గడ్డి మమ్ములను మర్సిపోయేది."
వేలు మధ్యలో ఆగింది.
"గిప్పుడు ఈ దిక్కు గేటు, ఆ దిక్కు గేటు,
గా దిక్కు రింగు రోడ్డు.
నోరు కాదు మేడం.
నిలవడ్డ కాలు తింటది నేలను."

నా పట్టికలో దానికి గడి లేదు.
ఎత్తు ఉంది, రకాలు ఉన్నాయి,
కప్పిన నేల ఎంత శాతమో ఉంది.
వెళ్లిపోయి తిరిగి రావడానికి గడి లేదు.
పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నాను,
ఆఫీసులో ఎవరూ చదవని చోట.

సాయంత్రం లింగంపల్లిలో బస్సు కోసం నిలబడి చూసుకుంటే
చున్నీ అంచు నిండా ఉత్తరేణి గింజలు,
ఉన్నిని పట్టినట్టే పట్టుకుని.
ఒక్కొక్కటే పీకాను.
ఇరవై ఆరు. అలవాటు కొద్దీ లెక్క.
కింద సిమెంటు. ఎదురుగా సిమెంటు.
గుప్పిట మూసుకుని బస్సెక్కాను.