చాకులా కనిపించనిది

మంగళవారం. కొట్టు తెరిచి పావుగంట కాలేదు.
థియేర్ వీధులు నిట్టనిలువు. ఇక్కడికొచ్చే ఎవరైనా
ముందు ఆయాసపడతారు, తర్వాతే బేరమాడతారు.
ఈయన ఆయాసం తీరాక కూడా నోరు విప్పలేదు.
కొత్త కోటు.
భుజాల దగ్గర ఇంకా ఆయనది కాలేదు.

"జేబుచాకు కావాలి," అన్నాడు చివరికి,
"చాకులా కనిపించనిది."

పెన్నులా ఉండాలంటారు కొందరు, తాళంచెవిలా ఉండాలంటారు.
అబద్ధమాడే చాకులు నేను అమ్మను.
చిన్నవి ఉన్నాయి, మర్యాద తెలిసినవి ఉన్నాయి,
చూడండి, అని నల్ల బనాతు పరిచాను.

మొదటిది మీట నొక్కగానే ఠక్కున తెరుచుకుంది.
ఆ చప్పుడుకి ఆయనే ఉలిక్కిపడి పక్కకి తోశాడు.
రెండోదానికి కొమ్ము పిడి, పిడి నిండా వెండి పూలు.
ధర చీటీ తిప్పి చూసి
"బంగారు కత్తని మెడ కోసుకుంటామా?"
మొదటిసారి నవ్వాడు.

మూడోది అరచేతిలో తూచుతుండగా
అసలు సంగతి బయటపడింది.

పేరు అన్సెల్మ్ బుర్దూజ్. క్లెర్మాన్‌లో టైర్ల ఫ్యాక్టరీ.
ఇరవై రెండేళ్ళు కింది అంతస్తులో, రబ్బరు వాసనలో.
నడుం పూస జరిగాక పై అంతస్తులో కుర్చీ వేశారు.
మొదటి రోజు మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరిచారు,
ఈయన ఎప్పటిలాగే చాకు తీసి ఆపిల్ కోశాడు.
కింద అంతా అలాగే తినేవాళ్ళు:
పదును బొటనవేలి దాకా వచ్చి ఆగుతుంది,
ముక్క చాకు మీంచే నోట్లోకి పోతుంది.
తలెత్తితే గదిలో మాట లేదు.
ప్లాస్టిక్ ఫోర్కులు గాల్లో ఆగిపోయాయి.
పక్క బల్ల పిల్ల, లుదివిన్,
కుర్చీని అంగుళం అవతలికి జరుపుకుంది.

"కోపమేం లేదు నాకు," అన్నాడు.
"ఆ అంగుళమే, కళ్ళ ముందు నుంచి పోవడం లేదు."

పాతదేదీ అన్నాను. తీసి పెట్టాడు.
నూరి నూరి, వాడిన సబ్బుబిళ్ళలా అరిగిపోయింది.
మడత దగ్గర ముద్ర చూస్తే మా వీధి పనే.
మా తాత దురోల్ ఏటి మీద పలక వేసుకుని
బోర్లా పడుకుని సాన పట్టేవాడు,
చలికి కాళ్ళు బిగుసుకోకుండా
మీద కుక్కని పడుకోబెట్టుకునేవాడు.
ఏ పదును వెనకైనా వెచ్చగా ఒక కుక్క ఉంటుందని
ఆ పై అంతస్తు వాళ్ళకి ఎవరు చెప్తారు?

అప్పుడు సొరుగులోంచి తీశాను.
నా మధ్యవేలంత అలుగు, అంతకి గింజంత తక్కువే.
రొట్టె అంచు రంగు కొయ్య పిడి.
బెల్టుకి తగిలించే కొక్కెం లేదు, మొన వాడిగా లేదు.
గోరు పెట్టి లాగాలి, రెండు చేతులూ కావాలి.
"కాస్త నెమ్మది," అన్నాడాయన.
అదే కావాలి మీకు.
తెరుచుకునేలోపు చూసేవాళ్ళు
సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ముందు ఎవరిదైనా పార్సిల్ తాడు కోసిపెట్టండి.
కోటు కాలరుకి వేలాడే దారప్పోగు ఒకటి తెంచండి.
ఎవరి పుట్టినరోజుకో కేకు వస్తుంది,
కత్తి మర్చిపోతారు, ఎప్పుడూ మర్చిపోతారు.
ఆపిల్‌కి తొందరేముంది.

డబ్బిచ్చాడు. పాతదాన్ని నా వైపు జరిపాడు:
"ఒకే ఒరలో రెండు ఇమడవు కదా."
కోటుకి నాలుగు జేబులున్నాయి, తీసుకెళ్ళండి, అన్నాను.
ఆదివారం అనేది ఒకటుంది, ఎండు సాసేజ్ ఒకటుంది.
దాన్ని ఈ చిన్నది కొయ్యలేదు,
కోస్తానని నేను మాటివ్వలేదు.

గుమ్మం గంట మోగింది. వెళ్ళాడనుకున్నాను.
మెట్టు మీద ఆగిపోయి
ఎడమ జేబు తడుముకున్నాడు, కుడి జేబు, గుండె మీది జేబు.
మొహం వెలవెలబోయింది.
వెనక్కొచ్చి బల్లంతా చూశాడు, బల్ల కింద కూడా.
"ఇక్కడే మర్చిపోయినట్టున్నాను."

మీ దగ్గరే ఉంది, వెతకండి, అన్నాను,
తలెత్తకుండా,
బనాతు మీది నూనె మరక గీకుతూ.