సున్నం గీత

ఎర్రగడ్డ దవాఖానల పదకొండు రాత్రులు
నా చేతులు మంచానికి గుడ్డతోని కట్టిండ్రు.
పదిహేనేండ్లు గోల్‌పోస్టుల నడుమ
ఎగిరిన చేతులు.
గోడ నిండ చీమలున్నయన్న.
కిటికీలకెల్లి బంతులొస్తున్నయి, ఇడువుండ్రి, పట్టాలె అన్న.
నర్సమ్మ నవ్వలే. సూది గుచ్చి
"అన్ని పట్టినవ్ లే, ఇగ పండు" అన్నది.

చెట్టెక్కినోని తప్పేం లేదు.
నేను తాగింది చెట్టు కల్లు కాదు,
నిద్రపొడి కలిపిన తెల్లనీళ్లు.
ముషీరాబాద్ కాంపౌండ్ల, గోడ పక్క బెంచీ
నేను కూసుండి కూసుండి నున్నగైంది.
రైల్వే టీము జెర్సీ, ఒకటో నంబరుది,
అక్కడ్నే కుదవ పెట్టిన.
ఆరు సీసలిచ్చిండు. ఎక్కువే ఇచ్చిండనుకున్న.

బయటికొచ్చినంక పిలిచినోడు
చిలకలగూడ గ్రౌండు మాలి సత్తెన్న ఒక్కడే.
సున్నం బకెటు చేతికిచ్చి
"గీతలు గియ్యి దేవసాయం, గంతే" అన్నడు.
గీసిన.
పెనాల్టీ బాక్సు నీళ్లల్ల నీడ లెక్కొచ్చింది,
కుడిమూల లోపటికి,
ఎడమమూల చెత్తకుప్ప దిక్కుకు.
సత్తెన్న నిలబడి చూసిండు. తుడవలే.
పిల్లలు ఆ వంకర మీదనే ఆడిండ్రు.
"ఔటు!"
"కాదురా, సార్ గీతకు లోపటే ఉంది!"

సార్.
సున్నం చేతులతోనే కండ్లు తుడుచుకున్న.
రాత్రి దాక మండినయి.

తహ్సీన్‌ది భోలక్‌పూర్, తోళ్ల గోదాము ఎనక సందు.
పదమూడేండ్లు. సల్వార్ మీద అన్న జెర్సీ.
"హాత్ కైకు హిల్‌తే సార్?" అని మొకం మీదనే అడిగింది.
నేను జవాబు ఎతుక్కునే లోపట
బంతి నా మీదికి తన్నింది.
పట్టిన.
పట్టినంత సేపు వణుకు లేదు.
ఆమె గది చూసింది, నేను చూసిన,
ఇద్దరం ఏం మాట్లాడలే.

నాకొచ్చింది ఒక్కటే పాఠం, గదే చెప్పిన:
బంతిని చూడకు బిడ్డా, తన్నేటోని తుంటి చూడు.
కాలు అబద్ధమాడ్తది, కన్ను అబద్ధమాడ్తది,
తుంటికి ఆ తెలివి లేదు.

నెల తిరగలే, ఓ మాపటేల
కోన్లు ఏరుకుంట అన్నది:
"ఆరు గొట్టంగనే మీ తుంటి
ముషీరాబాద్ దిక్కు మర్లుతది సార్."

లాలాగూడల మ్యాచు.
మిషన్‌తోని గీసిన గీతలు, దారం పట్టినట్టు.
నా వంకర బాక్సుల పెరిగిన పిల్ల
ఆ సక్కదనంల జాగ దొరకక తండ్లాడింది.
రెండు గోల్స్ పోయినయి. తప్పు నాది, సున్నం నాది.
ఆఖరుకు పెనాల్టీ.
తన్నే పిల్ల కన్నులు ఎడమకు చూసినయి,
తహ్సీన్ కుడికి దుంకింది.
వేలి కొసకు తగిలి, పోస్టుకు కొట్టి, లోపటికే పోయింది.
మూడు సున్న.
మట్టిల పండుకొని నా దిక్కు చూసి నవ్వుతది!
"తుంటి సచ్ బోలా సార్!"

ఎనకకు వస్తుంటే చీకటైతుంది.
నేనేం అనలే. నా తుంటి అన్నట్టుంది.
తన గ్లౌజులు రెండు ఇప్పి నా చేతులల్ల పెట్టింది.
"పొద్దుగాల ఆరింటికి తేవాలె.
తడిగున్నయి. ఎండల ఆరేయకుండ్రి,
రబ్బరు పగుల్తది."
నేను చెప్పిన మాటే, నాకే అప్పజెప్పి
సందుల ఉరికింది.

కాంపౌండు గేటు కాడ తడి వాసన, పచ్చిబఠాణీల వాసన.
"దేవసాయం! మస్తు దినాలాయె" అని లోపటికెల్లి పిలుపు.
నిలబడ్డ. నిలబడలే అని అబద్ధం చెప్ప.
ఎంతసేపో ఎరుక లేదు,
రెండు బస్సులు పోయినయి.
సీస పట్టాలంటే గ్లౌజులు కింద పెట్టాలె.
కిందంత బురద.

గెలిచిన్నని ఎవ్వలకు చెప్పకుండ్రి.
చేతులు ఖాళీ లేవు, గంతే.

ఇంట్ల దండెం మీద ఆరేసిన.
ఫ్యాన్ గాలికి గ్లౌజులు వణుకుతున్నయి.
నేను కింద పండుకొని, చేతులు ఛాతి మీదేసుకొని
అవ్విట్నే చూస్తున్న.
ఇంక నాలుగు గొట్టలే.