మొదటి చాలు

నాన్న గడ్డినేలను చీల్చిన రోజు
నాకు ఏడేళ్లు.
వలపట బ్రూన్, దాపట స్యెర్న,
నుదుట తెల్లచుక్క ఉన్నది, మొండిది.
కర్రు దిగగానే
కొత్తగుడ్డను ఎవరో పర్రున చింపినట్టు
నేల లోపలి నుంచి ఒక చప్పుడు.
మోకాటిలోతున వేళ్లు,
చేతివేళ్లలాగే
ఒకదాన్నొకటి ముడేసుకుని, వదలకుండా.

ఒక చాలు తీశాడు. తిరిగొచ్చి ఇంకో చాలు.
పొద్దుగూకేదాకా చాళ్లే.
చాలు అన్న మాట మాత్రం
హాల్వర్ నోట ఎవరూ వినలేదు.

నార్వేలో మాకున్న పొలం
పరిచిన దుప్పటంత, అందులో సగం రాయి.
ఇక్కడ, మిన్నెసోటా పడమటి అంచున,
నూటఅరవై ఎకరాలు, కాగితం మీద.
"ఇది ఎవరిదీ కాదు" అన్నాడట గుమస్తా
సిరాబుడ్డి మూత బిగిస్తూ.

మూడో చాలులో అమ్మ ఒంగి ఏదో తీసింది.
వేలెడు ఎముక. ఒక కొస సూది.
రెండో కొసన నున్నటి చిన్న పల్లం.
అమ్మ తన బొటనవేలు అందులో ఆన్చి చూసింది.
సరిపోయింది.
"తోలు కుట్టే ఆరె" అంది.
ఎవరిదని అడిగాను.
అమ్మ పడమటికి చూసింది.
అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.
పదకొండేళ్ల కిందట డకోటా వాళ్లను
ఇక్కణ్ణుంచి తరిమేశారని
పొరుగు ఎర్లాండ్ తాత అప్పటికే చెప్పి ఉన్నాడు,
నిరుటి వానల గురించి చెప్పినట్టు.
అమ్మ దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుంది.

తిరగబడ్డ మట్టిపెళ్లలనే కోసి ఇల్లు కట్టాం.
బయట ఒకరోజు కురిస్తే
లోపల మూడు రోజులు కురిసేది.
అమ్మ గొడుగు కింద నిలబడి రొట్టెలు కాల్చేది.
ఒక రాత్రి కప్పులోంచి పాము జారి
తమ్ముడు టార్యే పాలగిన్నె పక్కన పడింది.
"అమ్మా, మనిల్లు పేగు కక్కింది" అన్నాడు వాడు.
అమ్మ నవ్వింది.
ఆ ఏడాది ఆమె నవ్వులు నేను లెక్కపెట్టేదాన్ని.
అది రెండోది.

మరుసటేడు గోధుమ నడుముదాకా లేచింది.
నాన్న బాకీల మాట మాని
కిటికీ మాట ఎత్తాడు. గాజుది.
మధ్యాహ్నం పూట మేఘం వచ్చింది,
తళతళలాడుతూ.
మిడతల దండు అంటారు గానీ
దండయితే ఏదో ఒకటి అడుగుతుంది,
లొంగిపొమ్మనైనా అడుగుతుంది.
ఇవేమీ అడగలేదు.
గోధుమ అయ్యాక ఉల్లిపాయల్ని
మట్టిలోపలి దాకా తవ్వితిని గుంటలు మిగిల్చాయి.
నా గౌనులో పచ్చచారలు తిని
తెల్లవి వదిలేశాయి.
నాన్న పార పిడిని కూడా కొరికాయి,
దానికి పట్టిన చెమట ఉప్పు కోసం.

ఆ చలికాలం సిగ్నే పోయింది.
పదినెలలది.
దానికని టార్యే పాత బూట్లు కోసి
ఆ ఆరెతోనే అమ్మ చిన్న జత కుట్టి ఉంచింది.
కుడికాలిది పూర్తయింది.
నేల గడ్డకట్టి గడ్డపార దిగలేదు.
మార్చిదాకా దాని పెట్టె మా ఇంటికప్పు మీద, మంచులో.
రాత్రుళ్లు అమ్మ వెల్లకిలా పడుకుని
కళ్లు మూసేది కాదు.
ఎడమకాలిది ఎప్పుడు కుట్టిందో
నేను చూడలేదు.
పూడ్చేనాటికి రెండూ ఉన్నాయి.

తర్వాత పంటలు పండాయి.
చెక్క ఇల్లు, పదకొండు కిటికీలు.
నాన్న చివరి వారం ఎవర్నీ గుర్తుపట్టలేదు,
మంచం మీద పిడికిళ్లు మాత్రం
మేడి పట్టినట్టే బిగిసి ఉండేవి.
విప్పబోతే తిట్టేవాడు,
స్యెర్నని.

ఆరె ఇప్పుడు నా దగ్గరుంది.
మొన్న మనవరాలు సొరుగులోంచి తీసి
ఎవరిదని అడిగింది.
మా అమ్మదని నోటిదాకా వచ్చింది.
మింగి, ఉన్నది చెప్పాను,
పడమర, ఎర్లాండ్ తాత, అంతా.
అది పల్లంలో తన బొటనవేలు పెట్టుకుని
చాలాసేపు ఊరుకుంది.
"మరి తిరిగిచ్చెయ్యలేదేం?"

బయట నా కొడుకు ట్రాక్టరు
గట్టు దగ్గర మళ్లి
ఇంకో చాలు ఎత్తుకుంది.